137 చిన్న చెల్లింపులు, పావు వంతు ఫీజు: బిట్‌కాయిన్ చిల్లర ఎప్పుడు కలపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి. 2019 నుంచి బయటి దేశాల వాళ్లకి సబ్‌టైటిళ్లు చేసిపెడుతూ డబ్బు బిట్‌కాయిన్‌లో తీసుకున్నారు. ఇప్పటికి 137 సార్లు వచ్చింది, అన్నీ 1తో మొదలయ్యే పాత రకం అడ్రసులకే. అంతా కలిపి 0.0164 బిట్‌కాయిన్. అందులో కొంత ఎక్స్ఛేంజీకి పంపి, అమ్మి, లాప్‌టాప్ కొనుక్కోవాలి. మిగతాది దాచుకోవాలి. తీరా మొత్తం ఒకచోటికి చేర్చబోతే వాలెట్ 0.00406 ఫీజు చూపించింది, అంటే నాలుగో వంతు. "విడతలుగా పంపితే తగ్గుతుందా, ఇంకేమైనా దారి ఉందా" అని అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. తగ్గుతుంది. 0.00406 నుంచి 0.0002 దాకా దించొచ్చు. విడతలు చేయడం వల్ల కాదు, రేటు 1 ఉన్న రోజు చూసి పంపడం వల్ల. మీ వాలెట్ చూపించిన ఫీజు వెనక వర్చువల్ బైటుకి 20 సతోషీల రేటు ఉంది. అవే 137 ముక్కలు, అదే ట్రాన్సాక్షన్, 1 రేటుతో వెళ్తే 20,300 సతోషీలు చాలు. (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు. వర్చువల్ బైటు అంటే ఫీజు లెక్కకి ట్రాన్సాక్షన్ సైజుని కొలిచే కొలమానం, రేటు అంటే ఒక్కో బైటుకి ఇన్ని సతోషీలని. ఇక మీదట బైటు అన్నచోటల్లా వర్చువల్ బైటనే అనుకోండి.) చిల్లర కలిపినంత మాత్రాన ఒక్క పైసా మిగలదు. ఎప్పుడు కలిపామన్నదాన్ని బట్టే మిగులుతుంది.

ఈ ముక్క చాలామందికి ఎందుకు ఎక్కదో నాకు తెలుసు. వాలెట్లో 0.0164 అని ఒకే అంకె కనబడుతుంది కాబట్టి అది బ్యాంకు బ్యాలెన్సులాంటిదే అనుకుంటాం. లోపల అలాంటి అంకె ఎక్కడా లేదు. 137 విడి ముక్కలున్నాయి, హుండీలో పడ్డ నాణేలు ఏ నాణెం ఆ నాణెంగానే ఉన్నట్టు. పరకామణిలో కూర్చున్నవాళ్లని అడగండి, లక్ష రూపాయల నోట్ల కట్టయితే నిమిషంలో తేలుతుంది, అదే లక్ష రూపాయి బిళ్లల్లో ఉంటే పూటంతా పడుతుంది. బిట్‌కాయిన్ ట్రాన్సాక్షన్లని బ్లాకుల్లో, అంటే అందరికీ కనబడే లెక్కల పుస్తకం పేజీల్లో, చేర్చే మైనర్ తీసుకునే ఫీజు ఆ లెక్కపెట్టే పనికే గానీ లక్షకి కాదు. లారీ ఆఫీసులో పార్సిల్‌ని కాటా మీద పెట్టి కిరాయి చెప్పినట్టే. లోపల పట్టుచీరలున్నా పాత పేపర్లున్నా బరువే చూస్తారు.

ఆ బరువు ఎలా వస్తుందో ఒక్క ముక్క తీసుకుని చూద్దాం. మీ పాత రకం ముక్క ఒకటి ఖర్చుపెట్టాలంటే, అది ఏ ట్రాన్సాక్షన్లో వచ్చింది, అందులో ఎన్నోది అని రాయడానికి 36 బైట్లు. మీ సంతకం 72. పబ్లిక్ కీ 33. వరుస సంఖ్యకి 4, ఏది ఎంత పొడవో చెప్పడానికి మరో 3. మొత్తం 148. మీ 1,500 సతోషీల ముక్కకీ 148 బైట్లే, ఎవరి దగ్గరో ఉన్న నిండు బిట్‌కాయిన్ ముక్కకీ 148 బైట్లే. 137ని 148తో గుణిస్తే 20,276. అందుకునే అడ్రసుకి 31, పై ఖర్చు ఓ 10 కలిపితే 20,317. దాన్ని 20తో గుణిస్తే 4,06,340 సతోషీలు. మీ వాలెట్ దోచుకోలేదండి, లెక్క సరిగ్గానే వేసింది.

అవే చెల్లింపులు బీసీ1క్యూతో మొదలయ్యే సెగ్విట్ అడ్రసులకి వచ్చుంటే ముక్కకి 68 బైట్లే పడేవి, మొత్తం సగానికన్నా తక్కువ. సెగ్విట్ 2017 ఆగస్టు నుంచే పనిచేస్తోంది, మీరు మొదలుపెట్టింది 2019లో. సరే, అయిందేదో అయింది. ముక్క బరువు అది వచ్చిన అడ్రసును బట్టి అప్పుడే ఖాయమైపోతుంది. ఏ వాలెట్ మార్చినా, ఏ యాప్ పెట్టినా ఆ 148 ఒక్కసారి మోయాల్సిందే. మన చేతిలో ఉన్నది రేటు ఒక్కటే.

నా సంగతి చెప్తాను, నవ్వుకోండి. 2015, 16లలో చిన్నచిన్న ఆన్‌లైన్ పనులకి వచ్చిన చిల్లరంతా ఒకే వాలెట్లో పడేసేవాణ్ని. 212 ముక్కలు, మొత్తం 0.09 బిట్‌కాయిన్. పట్టించుకోలేదు. 2017 డిసెంబరులో ధర 20 వేల డాలర్ల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు అమ్ముదామని కూర్చున్నాను. వాలెట్ "చాలినంత బ్యాలెన్స్ లేదు" అంది. 0.09 ఉంది కదరా అని మూడుసార్లు నొక్కాను. అప్పుడు రేటు 400. 212 ముక్కలకి 31 వేల పైచిలుకు బైట్లు. ఫీజే 0.125 దాటింది. చేతిలో ఉన్న సొమ్ముకన్నా దాన్ని కదిలించే ఖర్చే ఎక్కువ! మార్చిలో రేటు 2కి దిగింది, 63 వేల సతోషీల లోపే మొత్తం కలిపేశాను. అప్పటికి ధర సగానికి సగం పడిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ డిసెంబరు గుర్తుచేస్తుంది. అప్పటి నుంచి రేటు చల్లగా ఉన్నప్పుడు, అవసరం లేనప్పుడే, కలిపి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇక విడతలు. పది విడతలు చేస్తే పదిసార్లు ఆ పై ఖర్చు 10, అందుకునే అడ్రసుకి 31, అంటే విడతకి 41 బైట్లు అదనం. పైగా ఒక్క ముక్క కావలసిన చోట పది ముక్కలు మిగులుతాయి. కాబట్టి ఫీజు కోసం విడతలు వద్దు. 137 ముక్కలు ఒకే ట్రాన్సాక్షన్లో పడతాయా అన్న అనుమానం అక్కర్లేదు. మామూలు నోడ్లు (ట్రాన్సాక్షన్లని సరిచూసి ఒకదానికొకటి అందించుకునే కంప్యూటర్లు) 1,00,000 బైట్ల దాకా ఉన్న ట్రాన్సాక్షన్ని ముందుకు పంపుతాయి, మీది అందులో ఐదో వంతు. ఆ హద్దు దాటినవాటిని మైనరే స్వయంగా బ్లాకులో పెట్టుకోవాలి. 2015 జులైలో అలాగే జరిగింది. నెట్‌వర్కు మీద ఎవరో కుమ్మరించిన చిల్లరంతా ఊడ్చడానికి ఒక మైనింగ్ పూల్ (మైనర్ల జట్టు) 5,569 ముక్కల్ని, అంటే 5,569 ఇన్‌పుట్లతో ఒకే ట్రాన్సాక్షన్ చేస్తే 364292వ బ్లాకు దాదాపు దానితోనే నిండిపోయింది. మన వీధి చివర చెత్తబండి ట్రాఫిక్ ఆపినట్టు, దాన్ని సరిచూడటానికి నోడ్లు చాలా సెకన్లు అవస్థపడ్డాయి. విడతల వల్ల లాభం వేరేచోట ఉంది, గోప్యత దగ్గర. దానికి వస్తాను.

లాప్‌టాప్ ఇప్పుడే కావాలంటే? 137నీ ముట్టుకోకండి. మీ ముక్కల్లో పెద్దవి ఆరు కలిపితేనే 0.006 ఉందని రాశారు. ఆ ఆరే ఎంచుకుని పంపండి. 930 బైట్లు, మీ వాలెట్ చూపించిన 20 రేటులోనే 18,600 సతోషీలు, పంపే సొమ్ములో 3 శాతం. కొంత ఆపుకోకుండా ఆరింటినీ పూర్తిగా పంపేయండి, మీకే తిరిగొచ్చే మిగులు ముక్క పుట్టదు. ఇలా ముక్కల్ని చేత్తో ఏరుకోవడాన్ని కాయిన్ కంట్రోల్ అంటారు. ఎలక్ట్రమ్‌లో, స్పారోలో ఉంది. ఫోన్లలో వచ్చే చాలా తేలిక వాలెట్లలో ఉండదు, అలాంటిది వాడేవాళ్లు ముందు దాన్ని మార్చుకోవాలి.

తొందర లేకపోతే ఇంకో సంగతి ఆలోచించండి. అందరూ ముందు కలిపి, ఆ తర్వాత ఎక్స్ఛేంజీకి పంపుతారు. రెండు పనులూ ఒకేసారి చేయొచ్చు. ఒకే ట్రాన్సాక్షన్లో 137 ముక్కలు లోపలికి, బయటికి రెండు: అమ్మాల్సినంత ఎక్స్ఛేంజీ అడ్రసుకి, మిగతాది మీ కొత్త అడ్రసుకి. ఆదా పెద్దదేం కాదు, ఓ 110 బైట్లు. కానీ ఒక మెట్టు తగ్గుతుంది. దీన్లో చిక్కేమిటంటే మీ దగ్గర మొత్తం ఎంత ఉందో ఎక్స్ఛేంజీకి తెలిసిపోతుంది. నాకైతే అది నచ్చదు, నేను ముందు కలిపే పంపుతాను. మీ ఇష్టం.

రేటు ఎప్పుడు దిగుతుంది? వాలెట్ తనంతట తాను చూపించే అంకె నమ్మకండి, అది మీకు తొందరుందనుకుని తర్వాతి ఒకటి రెండు బ్లాకుల్లో ఎక్కే రేటు చూపిస్తుంది. మెంపూల్ డాట్ స్పేస్ లాంటి సైటు తెరిచి, రాబోయే బ్లాకులు ఏ రేటుతో నిండుతున్నాయో చూడండి. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా తరచూ రద్దీ పలచబడుతుంది. మన ఆదివారం మధ్యాహ్నం అమెరికాలో అర్ధరాత్రి దాటి ఉంటుంది, నేను ఎక్కువగా పంపేది అప్పుడే, భోజనం చేసి. కానీ వారాంతాల్నే నమ్ముకోవద్దు, బిట్‌కాయిన్‌లో వానాకాలం ఎండాకాలం లాంటివి ఉన్నాయి. 2023 మేలో బీఆర్‌సీ-20 టోకెన్ల (బిట్‌కాయిన్ మీదే పుట్టించే కొత్త రకం టోకెన్లు) హడావుడిలో వారాలపాటు దిగలేదు. 2024 ఏప్రిల్ 20న హాల్వింగ్ (బ్లాకుకి కొత్తగా పుట్టే బిట్‌కాయిన్లు సగానికి తగ్గడం) జరిగిన 840000వ బ్లాకు ఒక్కదానికే జనం 37 బిట్‌కాయిన్లకు పైగా ఫీజు కట్టారు. కొత్తగా పుట్టిన బిట్‌కాయిన్లు ఆ బ్లాకులో 3.125 మాత్రమే. అలాంటి రోజుల్లో చిల్లర కలపబోవడం పుష్కరాల రోజున గోదావరి గట్టు మీద ఇల్లు మారడం లాంటిది.

ఇంకో వైపు, 2025 వేసవి నుంచి రేటు 1కన్నా కిందికి కూడా వెళ్తోంది. మైనర్లు అలాంటివాటిని తీసుకోవడం మొదలుపెట్టారు. బిట్‌కాయిన్ కోర్ (ఎక్కువ నోడ్లు నడిపే సాఫ్ట్‌వేర్) 29.1 వెర్షన్ నుంచి నోడ్లు ముందుకు పంపే కనీస రేటు 0.1కి దిగింది. అయితే మీ వాలెట్ మాట్లాడే సర్వరు పాతదైతే 1కి లోపు ఉన్నదాన్ని తీసుకోదు, ఎర్ర అక్షరాల్లో తిప్పికొడుతుంది. అప్పుడు 1 పెట్టండి, గొడవ లేదు. 0.3తో వెళ్తే 6,100 సతోషీలు, 1తో వెళ్తే 20,300. తేడా ఉందిగానీ దానికోసం నెలలు కూర్చోనక్కర్లేదు. 20 నుంచి 1కి దిగడంలోనే అసలు ఆదా అంతా అయిపోయింది.

తక్కువ రేటు పెట్టి పంపాక ఇరుక్కుంటే ఏం చేయాలో ముందే తెలిసుండాలి. 2023 ఏప్రిల్లో మా చిన్న బృందం డబ్బు, 64 ముక్కలు, 2 రేటుతో పంపాను. వారం పది రోజుల్లో అదే పోతుందిలే అనుకున్నాను. మే మొదటి వారంలో పైన చెప్పిన తుఫాను వచ్చింది. నోడ్ల వెయిటింగ్ జాబితాకి మామూలుగా 300 మెగాబైట్ల హద్దు ఉంటుంది. నిండితే తక్కువ రేటువాటిని మొదట బయటికి తోసేస్తారు. నాది తోసేశారు. నా వాలెట్లో మాత్రం "పెండింగ్" అనే ఉంది. బృందంలో ఒకతను రోజూ పొద్దున్నే ఫోన్, "అన్నా, డబ్బు పోయిందా?" అని. పోలేదు. ఎక్కడికీ పోదు. బ్లాకులో ఎక్కనంతవరకు ముక్కలు మన దగ్గరే ఉన్నట్టు లెక్క. వాలెట్లోంచి ఆ ట్రాన్సాక్షన్ని తీసేస్తే 64 ముక్కలూ తిరిగి చేతికొచ్చాయి. సెప్టెంబరులో 8 రేటు పెట్టి మళ్లీ పంపాను. ఇక్కడొక మెలిక: పాత ట్రాన్సాక్షన్ కాపీ ఎవరి నోడులోనో మిగిలి ఉండొచ్చు, మళ్లీ బయటికి రావొచ్చు. కాబట్టి రెండోసారి పంపేటప్పుడు పాతదాంట్లోని ముక్క కనీసం ఒకటి ఇందులోనూ ఉండేలా చూసుకోండి. అప్పుడు రెండింట్లో ఒకటే చెల్లుతుంది.

పంపాక రేటు పెంచుకునే వీలు, ఆర్‌బీఎఫ్, తప్పకుండా ఆన్ చేసి ఉంచండి. కానీ ఇంత బరువున్న ట్రాన్సాక్షన్‌కి 1 నుంచి 3కి పెంచడమంటే 40 వేల సతోషీలు అదనం అని గుర్తుంచుకోండి. ఇరుక్కున్నదాన్ని లాగడానికి దాని మిగులు ముక్కని ఎక్కువ ఫీజుతో ఖర్చుపెట్టే పద్ధతి ఒకటుంది, పిల్ల తల్లికి కూడా కలిపి కడుతుందన్నమాట. చిల్లర కలిపేటప్పుడు ఆ పద్ధతి జోలికి పోవద్దు. 110 బైట్ల పిల్ల 20 వేల బైట్ల తల్లిని మోయాలి. రేటు 10కి తేవాలంటే ఆ చిన్నదాని మీద 1,84,000 సతోషీల ఫీజు పడుతుంది. ఇందుకే కలిపిన ముక్క బ్లాకులో ఎక్కేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

ఇక చేసే పద్ధతి. మీది ఎలక్ట్రమ్ అన్నారు కాబట్టి దాని ప్రకారం చెప్తాను. పాత రకం సీడ్‌తో (వాలెట్‌ని తిరిగి తెరిచే పదాలతో) పెట్టిన వాలెట్ బీసీ1 అడ్రసు ఇవ్వదు. సెగ్విట్ రకంతో ఇంకో వాలెట్ ఫైలు కొత్తగా చేయండి. వచ్చే 12 పదాల్ని కాగితం మీద రాయండి. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. ఆ తర్వాత ఎవరూ చేయని పని ఒకటి చేయండి: డబ్బు పంపకముందే ఆ ఫైలుని తీసేసి, కాగితం చూసి 12 పదాలూ టైపు చేసి మళ్లీ తెరవండి. మొదటి అడ్రసు అదే వస్తే కాగితం మీద తప్పు లేదన్నట్టు. నేను ఒకసారి ఒక పదంలో ఒక అక్షరం తప్పు రాశాను, ఈ పరీక్షలోనే బయటపడింది.

తర్వాత పాత వాలెట్లో వ్యూ మెనూలోంచి కాయిన్స్ ట్యాబు తెరిస్తే 137 ముక్కలూ వరుసగా కనబడతాయి. కావలసినవి ఎంచి, కుడి క్లిక్కుతో కాయిన్ కంట్రోల్‌లో చేర్చండి. పంపే ట్యాబులో కొత్త అడ్రసు అతికించి, మ్యాక్స్ నొక్కండి. ఫీజు చేత్తో పెట్టండి. అక్కడ రెండు గడులుంటాయి, ఒకటి రేటు, ఒకటి మొత్తం ఫీజు. ఏది ఎందులో పెడుతున్నారో రెండుసార్లు చూసుకోండి. 2023 సెప్టెంబరులో ఒక పెద్ద కంపెనీయే 0.074 బిట్‌కాయిన్ పంపడానికి 19 బిట్‌కాయిన్లకు పైగా ఫీజు కట్టింది. ఆ బ్లాకు తీసిన పూల్ పెద్దమనసుతో వెనక్కిచ్చింది. మనకి ఇస్తారన్న నమ్మకం లేదు.

హార్డ్‌వేర్ వాలెట్ వాడుతుంటే కాఫీ పెట్టుకుని కూర్చోండి. పాత రకం ముక్కల్లో ఒక్కోదానికి అది వచ్చిన పూర్తి పాత ట్రాన్సాక్షన్‌ని ఆ పరికరానికి ఎక్కించాలి, అప్పుడుగానీ అది సొమ్ము సరిచూసుకోదు. నాకు 90 ముక్కలకి దాదాపు అరగంట పట్టింది. మధ్యలో ఆటో లాక్ పడి మొదటికొచ్చింది. ఇలాంటి చోట మాత్రం 30, 40 ముక్కల విడతలు చేసుకుంటే నయం, పోయేది విడతకి 41 బైట్లే.

ఏవి వదిలేయాలి? ముక్క విలువ దాన్ని ఖర్చుపెట్టే ఖర్చుకన్నా తక్కువైతే వదిలేయాలి. 20 రేటులో మీ ఒక్కో ముక్క ఖర్చు 2,960 సతోషీలు, కాబట్టి ఆ రోజున మీ 1,500 సతోషీల ముక్కలన్నీ కలిపినకొద్దీ నష్టం. వాలెట్ మ్యాక్స్ నొక్కగానే వాటినీ లోపలికి తోసేసింది, మీ ఫీజు అంత చేదుగా ఉండటానికి అదీ ఒక కారణం. రేటు 1 అయితే ఖర్చు 148 మాత్రమే, అన్నీ కలుపుకోవచ్చు. ఒక్క మినహాయింపు: మీకెవరో తెలియనివాళ్ల నుంచి, మీరు అడగకుండా 546, 600 సతోషీలు వచ్చి పడి ఉంటే అది దానం కాదు. మీరు దాన్ని మిగతావాటితో కలిపి ఖర్చుపెడతారని, మీ అడ్రసులన్నీ ఒకరివేనని తెలుసుకోవాలని వేసిన ఎర. దాన్ని ఫ్రీజ్ చేసి అక్కడే ఉంచండి.

గోప్యత సంగతి మాటవరసకి చెప్పట్లేదు. ఒకే ట్రాన్సాక్షన్లో కలిసిన ముక్కలన్నీ ఒకే యజమానివని చూసేవాళ్లెవరైనా అనుకుంటారు. 2008లో వచ్చిన మొదటి బిట్‌కాయిన్ పత్రంలోనే ఈ మాట ఉంది. నాకిది ఒక క్లయింటు దగ్గర తగిలింది. నేను కలిపిన రెండు వారాలకి ఆయన మెయిల్ పెట్టాడు: "మీకు ఇంకొకరు నెలనెలా ఇంత ఇస్తున్నారు, అదే పనికి నా దగ్గర ఎక్కువెందుకు తీసుకుంటున్నారు?" నాకు డబ్బు పంపిన అడ్రసు ఆయనకి తెలుసు కదా, అక్కణ్నించి దారి పట్టుకుని వెళ్లి నా ఖాతా పుస్తకం అంతా చదివేశాడు. సమాధానం చెప్పలేక రేటు తగ్గించాల్సి వచ్చింది! అందుకే బేరమాడే క్లయింట్ల ముక్కలు ఒక విడతగా, ఎక్స్ఛేంజీలో మీ పాన్ నంబరుతో కొన్నవేవైనా ఉంటే అవి ఇంకో విడతగా కలుపుకోండి. 41 బైట్లకి ఇది చాలా చవక.

ఇక ముందు ఇలా పేరుకోకుండా. కొత్త క్లయింట్లకి బీసీ1 అడ్రసే ఇవ్వండి. పని పనికీ పంపించుకోకుండా మూడు నెలలకోసారి కలిపి పంపమనండి. చాలామంది ఒప్పుకుంటారు, పంపే ఫీజు వాళ్లకీ మిగులుతుంది. నేను పెట్టుకున్న గీత లక్ష సతోషీలు: సెగ్విట్ ముక్క 68 బైట్లు, రేటు 50 ఉన్న చెడ్డరోజున కూడా ఖర్చు 3,400, అంటే మూడున్నర శాతం లోపే. లక్షకి లోపు ఉన్నవి లైట్నింగ్‌లో తీసుకుంటాను. అది చిన్న చెల్లింపుల్ని ఒక్కొక్కటీ బ్లాకులో ఎక్కించకుండా నడిపే పద్ధతి, అక్కడ చెల్లింపుకో ముక్క పుట్టదు. కాకపోతే ఛానల్ (ఇద్దరి మధ్య చెల్లింపుల దారి) తెరవడానికి ఒకసారి ఫీజు పడుతుంది, మీ వైపు అందుకునే సామర్థ్యం ఎంతుందో చూసుకోవాలి. ఆ తలనొప్పి వద్దనుకుని వేరేవాళ్ల దగ్గర డబ్బుండే లైట్నింగ్ వాలెట్ వాడితే, అందులో నెల ఖర్చుకి మించి ఉంచకండి.

ఒకాయన మీ ప్రశ్న కింద "క్లయింట్లకి నేరుగా ఎక్స్ఛేంజీ అడ్రసే ఇచ్చెయ్" అని సలహా ఇచ్చారు. తప్పని అనను. ముక్కలు కలిపే ఖర్చు అప్పుడు ఎక్స్ఛేంజీదే. కానీ కనీస డిపాజిట్ ఎంతో చూసుకోవాలి, దానికి లోపు పంపితే జమకాదు. రెండోది, అక్కడున్నంతసేపు అది మీ సొమ్ము కాదు, వాళ్లిచ్చిన మాట. 2024 జులైలో మన దేశంలోనే ఒక పెద్ద ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగలపాలైంది, ఖాతాదారులు నెలల తరబడి డబ్బు తీసుకోలేకపోయారు. వచ్చింది వచ్చినట్టు అమ్మేసేవాళ్లకి ఆ దారి సరిపోతుంది, దాచుకునే మీకు కాదు.

టెలిగ్రామ్‌లో "ఫీజు లేకుండా కలిపిస్తాం, 12 పదాలు పంపండి" అని ఎవరైనా వస్తే బ్లాక్ చేయండి, వాదించకండి కూడా.

పన్ను గురించి రెండు ముక్కలు. మీ వాలెట్ నుంచి మీ వాలెట్‌కే మార్చుకోవడం అమ్మకం కాదు. అమ్మినప్పుడు లాభం మీద 2022 నుంచి 30 శాతం, అందులోంచి కొన్న ఖర్చు తప్ప ఇంకేదీ మినహాయించుకోనివ్వరు, కాబట్టి ఈ ఫీజులు మీ జేబులోంచే. 137 చెల్లింపుల తేదీలు, ఆ రోజు రూపాయి విలువలు ఒక షీట్లో ఇప్పుడే రాసుకోండి. కలిపేశాక ఏది ఎప్పుడొచ్చిందో వెతకడం నరకం. మిగతాది ఆడిటర్‌ని అడగండి.

ఆదివారం కూర్చున్నప్పుడు సైన్ చేసేముందు ప్రివ్యూలో ట్రాన్సాక్షన్ సైజు చూపిస్తుంది. 137 ముక్కలూ ఎంచితే అది 20,300 దగ్గర ఉండాలి. బాగా తేడాగా కనబడితే ఆపేసి, ఆ ఒక్క అంకె ఇక్కడ రాయండి, అడ్రసులు పెట్టకండి. నేను రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.